పర్షియన్లంటే బెంజి కార్లూ స్తంభాల మేడలేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాలిఫోర్నియాలోని అర్వైన్‌కి వచ్చి ఆరు నెలలైంది, మీ టీమ్ లీడ్ ఇరాన్ నుంచి వచ్చినావిడ, వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్ పండక్కి మిమ్మల్నీ మీ భార్యనీ ఇంటికి పిలిచారు. ఈలోగా ఆఫీసులో ఎవరో "పర్షియన్లా? అంతా షో. బెంజి కారు, బ్రాండ్ బ్యాగు, ఇంటి ముందు స్తంభాలు" అని మీ చెవిన వేశారు. అది నిజమేనా, ఆవిడ పర్షియన్ అంటుంటే ఇంకో కొలీగ్ ఇరానియన్ అంటున్నాడు ఏది సరైనది, వెళ్తే ఏం పట్టుకెళ్లాలి అని అడిగారు.

నేను లాస్ ఏంజెలెస్‌లో 24 ఏళ్లుగా స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. అందులో 17 ఏళ్లు ఒక ఇరానియన్ యజమాని దగ్గర చేశాను. ఎన్సినో, టార్జానా, వెస్ట్‌వుడ్, బెవర్లీ హిల్స్‌లలో వాళ్ల ఇళ్లకు బీములూ స్తంభాలూ లెక్కకట్టాను, వాళ్ల పెళ్లిళ్లలో భోంచేశాను, ఒకటి రెండు చావుల్లో మోశాను. నేను చూసినంత మేరకు చెబుతాను.

షో ఉంది. లేదంటే అబద్ధం చెప్పినట్టే. ఏ కారులోంచి దిగారో చూస్తారు, పెళ్లికి ఎన్ని వందల మంది వచ్చారో లెక్కపెట్టుకుంటారు. దానికి వాళ్ల భాష ఫార్సీలో వాళ్లకే మాటలున్నాయి. పక్కవాడి మీద కన్నేసి పోటీ పడటాన్ని 'చెష్మ్ ఒ హమ్‌చెష్మీ' అంటారు. గొప్పలకు పోవడం 'పోజ్ దాదన్', మనం పోజు కొట్టడం అన్నట్టే. నిన్నమొన్న డబ్బు కళ్లజూసి మిడిసిపడే వాళ్లను 'తాజే బె దొరాన్ రెసీదే' అని వెక్కిరిస్తారు. మన అర్ధరాత్రి గొడుగు సామెతకు అది తోబుట్టువు. కాబట్టి మీ ఆఫీసువాళ్లు చెప్పే సంగతి ఇరానియన్లకు తెలియనిదేం కాదు. వాళ్ల ఇళ్లలో దాని మీద మనకంటే ఘాటుగానే మాట్లాడుకుంటారు.

ఆ షో ఎవరికోసం, ఎందుకోసం అన్నది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమైంది మా యజమాని తండ్రి వల్ల.

ఆయనకు టెహ్రాన్ దగ్గరి కరజ్ ఊళ్లో ఒక బట్టల మిల్లు ఉండేది. 1979 ఫిబ్రవరిలో ఇరాన్‌లో రాజు షాను దించేసిన ఇస్లామిక్ విప్లవం గెలిచింది. ఆ వేసవిలోనే బ్యాంకుల్నీ పెద్ద పరిశ్రమల్నీ జాతీయం చేశారు. మిల్లు పోయింది, ఇల్లు పోయింది. లాస్ ఏంజెలెస్ వచ్చి ఇరవై ఏళ్ల పాటు అక్కడి శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఒక చిన్న డ్రై క్లీనింగ్ షాపు నడిపారు. నేను చూసేనాటికి ఆయనకు డెబ్భై అయిదు దాటాయి. రోజూ సూటు, టై. టై లేకుండా ఆయన్ని నేను చూడలేదు. కూరగాయలకు వెళ్లినా టై, జూలై ఎండలో కాంక్రీటు పోస్తున్న సైటుకు వచ్చినా టై. విప్లవం తర్వాత ఇరాన్‌లో టై పాశ్చాత్య బానిసత్వానికి గుర్తయింది, అక్కడి ప్రభుత్వ పెద్దలు ఈనాటికీ కట్టరు. అందుకే ఆ తరం వలసదారులకు టై అనేది ఒక జెండా లాంటిది. మన కంటికి అది ముసలాయన డాబు. ఆయనకు అది "నన్ను మీరు మార్చలేకపోయారు" అని చెప్పడం.

ఆయనకొక పాత బెంజి ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బయట అద్దంలా మెరిసేది, ప్రతి శుక్రవారం తనే కడిగేవారు. ఒకరోజు నన్ను సైటు నుంచి దింపారు. లోపల డ్రైవర్ సీటు చిరిగి స్పాంజి బయటికొస్తే దాని మీద మడతపెట్టిన చిన్న తివాచీ ముక్క వేసుకున్నారు. డ్యాష్‌బోర్డు బీటలు కొట్టింది, ఏసీ పనిచేయదు. నా చూపు ఎక్కడుందో గమనించి ఒక ఫార్సీ సామెత చెప్పారు. 'చెంపదెబ్బలతో ముఖం ఎర్రగా ఉంచుకోవడం' అని. ఆకలితో ముఖం పాలిపోతే ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది, అందుకని బయటికొచ్చేముందు తన చెంపలు తనే వాయించుకుని ఎర్రగా చేసుకుంటాడు మనిషి.

నాకు వెంటనే మన 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' గుర్తొచ్చింది. రెండు సామెతలదీ ఒకటే దృశ్యం. మనం ఆ మనిషిని చూసి నవ్వాం. వాళ్లు ఆ మనిషి చెంపకు తగిలిన దెబ్బను కూడా చూశారు. ఇప్పటికీ ఎవరైనా పర్షియన్ల షో గురించి ఎత్తితే నాకు ఆ తివాచీ ముక్కే గుర్తొస్తుంది.

దీనికి వాళ్లు వాడే మాట 'ఆబెరూ'. ఆబ్ అంటే నీరు, రూ అంటే ముఖం. ముఖంలోని తేమ, కళ. మన తెలుగులో 'ఆబోరు దక్కించుకున్నాడు' అంటామే, ఆ ఆబోరు ఇదే. ఖరీదు, దర్జా కూడా గోల్కొండ, నిజాం దర్బారుల కాలం నుంచి ఫార్సీ మీదుగా మన నోటికి వచ్చినవే. మీరు వెళ్లబోయే నౌరోజ్‌లోని 'రోజు' మన రోజే, 'నౌ' అంటే కొత్త. ఆవిడతో ఈ మాట అని చూడండి, ఎంత సంబరపడతారో.

ఇక ఇళ్ల సంగతి. ఇది నా సొంత విద్య కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

'పర్షియన్ ప్యాలెస్' అని ఇక్కడ ఒక వెక్కిరింపు మాట ఉంది. పాత చిన్న ఇల్లు పడగొట్టి, స్థలం అంచుల దాకా రెండంతస్తులు లేపి, ముందు ఎత్తైన స్తంభాలు నిలబెట్టిన ఇల్లు. చుట్టుపక్కల వాళ్లు గొడవ చేశారు. బెవర్లీ హిల్స్ నగరం 2004లో ఇళ్ల ముందుభాగాల డిజైన్‌ను పరిశీలించడానికి ఒక కమిషన్‌నే పెట్టింది. కొన్ని ఇళ్లు నిజంగానే వీధికి నప్పేవి కావు. ఇంజినీరుగా ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ గొడవలో వాస్తు సౌందర్యం ఎంత, "వీళ్లెవరు ఇక్కడికి రావడానికి" అన్న కోపం ఎంత అంటే, రెండోది తక్కువేం కాదు. 2007లో అదే ఊళ్లో బ్యాలెట్ పత్రాలను ఫార్సీలో కూడా అచ్చువేస్తే కొందరు మండిపడ్డారు. ఆ ఎన్నికల సంవత్సరమే షిరాజ్‌లో పుట్టిన జిమ్మీ డెల్షాద్ ఆ నగరానికి మేయర్ అయ్యారు.

స్తంభాల వెనక ఏముందో చూస్తే ఆ ఇల్లు వేరేగా కనిపిస్తుంది. క్లయింట్లు నన్ను అడిగేది ముందుగా హాలు గురించి. మధ్యలో ఒక్క స్తంభం కూడా అడ్డం రాకూడదు, డెబ్భై ఎనభై మంది ఒకేసారి కూర్చోవాలి. అంటే పైన 30 అడుగుల పొడవున బరువు మోసే బీము కావాలి, ఆ బీము కూర్చోవడానికి చివర్లలో గట్టి ఆధారం కావాలి. ఆ తర్వాత రెండో వంటిల్లు. ముందు మెరిసే వంటిల్లు అతిథులు చూసేది. వెనక చిన్నది, ఉల్లిపాయలు ఎర్రగా వేయించడానికి, గోర్మె సబ్జీ అనే కూర కోసం కట్టలు కట్టల ఆకుకూర వేపడానికి. వాసన హాల్లోకి రాకూడదు. మన ఊళ్లలో కొత్తిళ్లకు ఎలివేషన్ మీద లక్షలు పోసి, వంట మాత్రం వెనక రేకుల షెడ్డులో చేసుకునే ఇళ్లు మీరూ చూసే ఉంటారు. అవే లెక్కలు. ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది యజమాని పడుకునేది కాదు, చుట్టాలు కూర్చునేది. ఇంత ఖరీదు చేసే గదిని పరాయివాళ్ల కోసం అట్టిపెట్టడం నాకు అందంగా అనిపిస్తుంది.

అయినా ఆ మేడల్లో ఉండేవాళ్లు ఎందరు? నేను పనిచేసిన ఇరానియన్ కుటుంబాల్లో ఎక్కువమందికి అపార్ట్‌మెంట్లు, కాండోలే. మేడ రోడ్డు మీదకు కనిపిస్తుంది, కాండో కనిపించదు. పైగా 2012లో ఒక కేబుల్ ఛానల్ లాస్ ఏంజెలెస్ ఇరానియన్ కుర్రకారు మీద రియాలిటీ షో మొదలుపెట్టి, బంగారం, పార్టీలు, అరుపులే చూపించింది. మా ఆఫీసులో దాన్ని చూసి సిగ్గుతో తలపట్టుకున్నవాళ్లు ఇరానియన్లే.

వస్తువుల మీద మోజుకు ఇంకో కారణం డబ్బు విలువ పడిపోవడం. విప్లవానికి ముందు డాలరుకు సుమారు 70 రియాళ్లు. 2025లో అది పది లక్షలు దాటింది. బ్యాంకులో దాచిన కాగితం కళ్లముందే చిత్తు కాగితం అవుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? చేత్తో పట్టుకోగలిగింది కొంటారు. బంగారు నాణేలు, స్థలం, తివాచీ. తివాచీనైతే సరిహద్దు దాటేటప్పుడు చుట్టి భుజాన వేసుకోవచ్చు.

ఆ పెద్దాయన ఇంట్లో నేలమీద ఒక కాషాన్ తివాచీ ఉండేది. అక్కడక్కడా ఊలు అరిగిపోయింది. నేను మొక్కుబడిగా బాగుందన్నాను. ఆయన టై సర్దుకుని, మోకాళ్ల మీద వంగి, ఒక మూల పట్టుకుని వెనక్కి తిప్పారు. "ముఖం చూడకు, వీపు చూడు" అన్నారు. వెనక కూడా అదే పువ్వు, అదే తీగ, ఒక్కొక్క ముడి గింజలా విడివిడిగా. మెషీన్ నేసినదానికి వీపు ఇలా ఉండదట. వేలితో ఒక బెత్తెడు మేర ముడులు లెక్కపెట్టించారు. ఇక్కడ ఇరాన్ తివాచీల కథ కూడా అమెరికా రాజకీయాల్లాగే తిరిగింది. 1987లో ఇరాన్ సరుకుల దిగుమతి నిషేధించారు, 2000లో తివాచీలకూ పిస్తాలకూ సడలించారు, 2010లో మళ్లీ బిగించారు, అణు ఒప్పందంతో 2016లో వదిలారు, 2018లో మళ్లీ మూసేశారు. కాబట్టి మీ టీమ్ లీడ్ ఇంట్లో పాత తివాచీ కనిపిస్తే దాని ధర అడక్కండి, ఏ ఊరిదో అడగండి. కాషానా, తబ్రీజా, నాయినా, కోమ్ పట్టా అని. ఆ సాయంత్రానికి సరిపడా కబుర్లు అందులోంచే వస్తాయి.

ఒక హోదా గుర్తు మాత్రం మనకు ఎవరూ వివరించక్కర్లేదు. చదువు. ఇరాన్‌లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్షను 'కొంకూర్' అంటారు. యాభై ఏళ్ల మనిషి తన కొంకూర్ ర్యాంకు ఇప్పటికీ చెబుతాడు, మనవాళ్లు ఎంసెట్ ర్యాంకు చెప్పుకున్నట్టే. టెహ్రాన్‌లోని షరీఫ్ యూనివర్సిటీ అంటే మనకు ఐఐటీ అన్నంత గౌరవం. గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి మహిళ మరియం మీర్జాఖానీ అక్కడే చదివారు. 2014లో ఆ మెడల్ వచ్చిన రోజు మా ఆఫీసులో యజమాని మిఠాయి పంచారు, వాళ్లింటి ఆడపిల్లకు వచ్చినట్టు. 2017లో ఆమె నలభయ్యేళ్లకే క్యాన్సర్‌తో పోయినప్పుడు ఆయన మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపోయారు.

డాక్టర్, ఇంజినీర్ అన్నవి అక్కడ ఉద్యోగాలే కాదు, పిలుపులు కూడా. నన్ను పేరుపెట్టి పిలిచిన ఇరానియన్ క్లయింటు దాదాపు లేడు. 'ఆగాయె మొహందెస్', అంటే ఇంజినీరు గారూ అనే. మొదట్లో ముఖస్తుతి అనుకున్నాను. తర్వాత తెలిసింది, దేశం మారాక పిల్లుల్లా మూలన కూర్చోవాల్సి వచ్చిన ఎంతోమంది డాక్టర్లనూ ఇంజినీర్లనూ, సర్టిఫికెట్ చెల్లక షాపుల్లో పనిచేస్తున్నా, వాళ్లవాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. కౌంటరు వెనక నిలబడ్డ మనిషిని అదే వరసలో నిలబడ్డవాళ్లు 'డాక్టర్' అని పిలవడం నేను కళ్లారా చూశాను. ఆబోరు కాపాడటం అంటే తన ఒక్కడిదే కాదు, ఎదుటివాడిది కూడా.

పర్షియనా, ఇరానియనా? ఆవిడ ఏమంటే మీరూ అదే అనండి. నేపథ్యం ఇది. 1935లో అప్పటి ఇరాన్ రాజు రెజా షా బయటి దేశాలను పర్షియా బదులు ఇరాన్ అని వాడమని కోరాడు. ఆ తర్వాత నెమ్మదిగా ఇరాన్ అన్న పేరే స్థిరపడింది. 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని ముట్టడించి 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. ఆ రోజుల్లో అమెరికాలో ఇరాన్ పేరెత్తితే తిట్లు, దెబ్బలు. అప్పటికి ఇక్కడ చదువుతున్న పరాయి దేశపు విద్యార్థుల్లో మరే దేశం వాళ్లకంటే ఇరానియన్లే ఎక్కువ, ఆ తిట్లన్నీ వాళ్ల మీద పడ్డాయి. పర్షియన్ అంటే ఎదుటివాడికి పిల్లి, తివాచీ గుర్తొస్తాయి, బందీలు గుర్తురారు. అలా ఆ మాట ఒక గొడుగైంది. అయితే ఇరాన్ నుంచి వచ్చినవాళ్లంతా పర్షియన్లు కారు. అజెరీలు, కుర్దులు, లూర్లు, అర్మేనియన్లు, అస్సీరియన్లు ఉన్నారు. గ్లెండేల్‌లో ఇరాన్ నుంచి వచ్చిన అర్మేనియన్లను చూస్తారు, బెవర్లీ హిల్స్‌లో యూదుల్ని, ఇంకా బహాయీల్నీ జొరాస్ట్రియన్లనూ. మీ ఇంకో కొలీగ్ బహుశా అందుకే ఇరానియన్ అంటున్నాడు. ఎవర్నీ అరబ్బులని మాత్రం అనకండి. భాష వేరు, జాతి వేరు.

వాళ్లలో వాళ్లకు కూడా ముద్రలున్నాయి. ఇస్ఫహాన్ వాళ్లు పిసినారులని, రష్త్ వాళ్ల మీద ఒక రకం జోకులు, తుర్కీ మాట్లాడే అజెరీల మీద ఇంకో రకం. మీ ముందు చెప్పి నవ్వితే మీరు గొంతు కలపకండి. మా ఆఫీసులో ఒక తబ్రీజ్ డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు, అందరితో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు వెనక బాధ అతను నాతో ఒకసారే చెప్పుకున్నాడు.

ఇంకొక్క మాట, ఈ మధ్య వచ్చినవాళ్ల గురించి. టొరంటో, వాంకూవర్‌లలో ఖరీదైన కారులో కొత్త ముఖం కనిపిస్తే పాతవాళ్లు మెచ్చుకోరు, అనుమానిస్తారు. 'ఆగాజాదే' అంటారు, అంటే ఇరాన్ అధికారుల కొడుకు, దోచిన డబ్బుతో వచ్చాడని. లాస్ ఏంజెలెస్‌లో పరువు తెచ్చే కారే అక్కడ పరువు తీస్తుంది. కొత్తగా వస్తున్న వాళ్లలో చాలామంది స్కాలర్‌షిప్ మీద బతికే విద్యార్థులు, మనవాళ్లలాగే ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురు. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో బయలుదేరిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ సైన్యమే కూల్చేస్తే చనిపోయిన 176 మందిలో చాలామంది కెనడాకు తిరిగొస్తున్న అలాంటి పిల్లలూ, ప్రొఫెసర్లూ, కొత్తగా పెళ్లయిన జంటలూ. పర్షియన్ అనగానే వాళ్లు కూడా గుర్తురావాలని నా కోరిక.

ఇక మీ పండగ సంగతి.

ఖాళీ చేతులతో వెళ్లకండి. పూలు, లేదా పర్షియన్ బేకరీ నుంచి 'షీరినీ', అంటే మిఠాయి, ఒక పెట్టె. ఇంటి దగ్గర చేసిన మన స్వీటు ఏదైనా అయితే ఇంకా మంచిది. చెప్పులు తీయాలా అని గుమ్మంలో అడగండి. మీ ఆవిడ మంచి చీర కట్టుకోవచ్చు, అతిగా ఉందని ఎవరూ అనుకోరు, అక్కడ అందరూ బాగా తయారయ్యే వస్తారు. బల్ల మీద 'హఫ్త్ సీన్' పేర్చి ఉంటుంది. మొలకెత్తిన గోధుమలు, వెల్లుల్లి, యాపిల్, వెనిగర్ లాంటి 'స' అక్షరంతో మొదలయ్యే ఏడు. దాని గురించి ఆవిడనే అడగండి, చెప్పడం వాళ్లకు ఇష్టం. పళ్ల పళ్లెంలో కీర దోసకాయలు కూడా ఉంటాయి, ఉప్పేసుకుని తినడమే.

'తారోఫ్' గురించి తెలుసుకునే వెళ్లండి. మన మొహమాటానికి అది పెద్దన్న. టీ కావాలా అంటే మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, మూడోసారి తీసుకుంటారు. ఇచ్చేవాళ్లూ మూడుసార్లు అడుగుతారు. మీరు నిజంగానే వద్దనుకుంటే గుండె మీద చెయ్యి పెట్టి, థాంక్స్ చెప్పి, కారణం చెప్పాలి. లేకపోతే కప్పు నిండుతూనే ఉంటుంది.

ఇంట్లో వస్తువుల్ని మరీ మెచ్చుకోకండి. ఇది నా అనుభవం. ఒకసారి ఆ పెద్దాయన భార్య బల్ల మీద చిన్న ఖాతమ్ పెట్టె చూసి, ఇస్ఫహాన్ చెక్కపనిది, చేతిలోకి తీసుకుని చాలా బాగుందమ్మా అన్నాను. ఆవిడ 'పీష్‌కెష్' అన్నారు, మీదే అనుకోండి అని. నిజాముకు జమీందార్లు కట్టిన పేష్కష్ గురించి చదివే ఉంటారు, అదే మాట. నేను వద్దన్నాను, కానీ ఒక్కసారే. ఇంటికొచ్చాక చూస్తే కారు వెనక సీటులో న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉంది. అది వాళ్లమ్మ ఇచ్చింది, ఇరాన్ నుంచి తెచ్చుకోగలిగిన కొద్ది వస్తువుల్లో ఒకటి అని మర్నాడు మా యజమాని చెబితే తెలిసింది. తిరిగి ఇచ్చేస్తే ఆవిడ ఆబోరుకు దెబ్బ. పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. చివరికి మా అమ్మ చేసిన సున్నుండలు దాని నిండా పెట్టి తీసుకెళ్లాను. ఖాళీ పెట్టె ఇవ్వకూడదని మా ఊరి ఆచారమని, లోపలివి తిన్నాక పెట్టె మీ దగ్గరే ఉంచుకోండని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, అంతా అర్థమైనట్టు, ఇంకేం మాట్లాడకుండా తీసుకున్నారు.

వెళ్లగానే 'నౌరోజ్ మొబారక్' అనండి. భోజనం ఆలస్యంగా పెడతారు, ఆకలితో వెళ్లకండి. అన్నం అడుగున ఎర్రగా అంటిన 'తహ్‌దీగ్' మీ పళ్లెంలో ముందు వేస్తే అది మీకిచ్చిన గౌరవం, వదలొద్దు. వెళ్లొస్తామని లేచాక అయిపోయిందనుకోకండి. లేచి ఒకసారి, షూ వేసుకుని ఒకసారి, కారు దగ్గర ఒకసారి వీడ్కోళ్లుంటాయి. బేబీసిటర్‌ని పెట్టుకుంటే ఆ అరగంట కూడా కలిపి చెప్పండి.